మడతలోనే మర్మం

కోడిగుడ్డు ఉడికే ప్రతి వంటింట్లోనూ పుట్టగల ప్రశ్న ఇది: వేడికి గట్టిపడిన తెల్లసొన చల్లారాక మళ్ళీ పలచబడదెందుకు? నెయ్యి వేడికి కరుగుతుంది, చల్లారితే పేరుకుంటుంది, మళ్ళీ కరుగుతుంది. గుడ్డు దారి మాత్రం ఒకవైపే. పైగా అది వేడికి కరగకపోగా గడ్డకడుతుంది.

తెల్లసొనలో దాదాపు తొంభై శాతం నీరే. మిగిలిన దానిలో ఎక్కువ భాగం ప్రోటీన్లు. వాటిలోనూ సగానికి పైగా ఓవాల్బ్యుమిన్ అనే ఒకే ఒక ప్రోటీన్. ఇది 385 లంకెలున్న పొడవాటి గొలుసు. గుడ్డు ఉడికాక కూడా ఆ గొలుసు తెగదు. అవే 385 లంకెలు, అదే వరుసలో ఉంటాయి. కొత్తగా ఏదీ వచ్చి చేరదు, ఉన్నది ఏదీ పోదు. మారేదల్లా ఆ గొలుసు ఆకారం. ఆకారం మారినందుకే పారదర్శకంగా ఉన్న ద్రవం తెల్లటి ముద్ద అవుతుంది. పొదిగితే పిల్ల కాగల గుడ్డైతే ఆ అవకాశాన్ని కూడా పోగొట్టుకుంటుంది.

మన ఒంట్లో కూడా అంతే. ప్రోటీన్‌లో ఏముందన్న దానికంటే, ఉన్నది ఎలా మడతపడిందన్నదే బతుకును నిర్ణయిస్తుంది. ఆ మడత ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరు వేస్తారు? తప్పితే ఏమవుతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇరవై రకాల లంకెలు

ప్రోటీన్ అనగానే పప్పు, మాంసం, గుడ్డు గుర్తొస్తాయి. అది తిండి వైపు నుంచి చూపు. ఒంటి వైపు నుంచి చూస్తే ప్రోటీన్లు పనివాళ్ళు. నోట్లో పెట్టుకున్న అన్నంలోని పిండిపదార్థాన్ని విడగొట్టే ఎమైలేజ్ ఒక ప్రోటీన్. ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును మోసుకెళ్ళే హీమోగ్లోబిన్ ఒక ప్రోటీన్. చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్, చర్మానికీ ఎముకకూ పటుత్వమిచ్చే కొల్లాజెన్, రోగక్రిములను పట్టుకునే యాంటీబాడీలు, అన్నీ ప్రోటీన్లే.

ఇన్ని పనులు చేసేవన్నీ ఇరవై రకాల అమైనో ఆమ్లాలతోనే తయారవుతాయి. ప్రతి అమైనో ఆమ్లం గొలుసులో ఒక లంకె. అన్ని లంకెలకూ ఒకే తీరున ఉండే భాగం ఒకటుంది. ఆ భాగాలు ఒకదానితో ఒకటి కలిసి గొలుసుకు వెన్ను అవుతాయి. వెన్ను నుంచి పక్కకు పొడుచుకొచ్చే భాగం మాత్రం లంకె లంకెకూ వేరు. దీన్ని పక్కకొమ్మ అందాం. కొన్ని పక్కకొమ్మలకు విద్యుదావేశం ఉంటుంది, అవి నీటితో హాయిగా కలుస్తాయి. కొన్ని జిడ్డు స్వభావం కలవి, నీరంటే గిట్టనివి. కొన్నిట్లో గంధకం ఉంటుంది. ఏ లంకె తర్వాత ఏ లంకె రావాలో జన్యువు నిర్ణయిస్తుంది. ఆ ఆదేశం ప్రకారం లంకెలను కూర్చే యంత్రం రైబోజోమ్. బ్యాక్టీరియాలో అది సెకనుకు ఇంచుమించు ఇరవై లంకెలు కూర్చగలదు. ఆ యంత్రం నిర్మాణాన్ని విప్పిచెప్పినందుకే చిదంబరంలో పుట్టిన వెంకటరామన్ రామకృష్ణన్ 2009లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

ప్రోటీన్ గొలుసులో లంకెలకు కచ్చితమైన వరుస ఉంటుందని రుజువు చేసినవాడు ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ సాంగర్. రెండు చిన్న గొలుసులు, మొత్తం 51 లంకెలున్న ఇన్సులిన్ వరుసను ఆయన 1955 నాటికి పూర్తిగా చదివాడు. 1958లో నోబెల్ వచ్చింది. అయితే వరుస తెలిసినంత మాత్రాన పని తెలియదు. పని జరిగేది ముడుచుకున్న ఆకారంలోని గుంటల్లో, అంచుల్లో. గొలుసులో ఎక్కడో దూరంగా ఉన్న లంకెలు మడతపడ్డాక పక్కపక్కకు వచ్చి, కలిసి ఒక పని చేస్తాయి. కాబట్టి అసలు ప్రశ్న ఇది: వరుస నుంచి ఆకారం ఎలా వస్తుంది?

బెథెస్డాలో ఒక పరీక్ష

ఈ ప్రశ్నకు నిలకడైన జవాబు అమెరికాలో, బెథెస్డాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో దొరికింది. అక్కడ క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్ ఎంచుకున్నది ఆవు క్లోమగ్రంథిలో దొరికే రైబోన్యూక్లియేజ్. ఆర్ఎన్ఏను కత్తిరించడం దాని పని. దానిలో 124 లంకెలున్నాయి. కత్తిరించే పనిలో ముఖ్యమైనవి 12వ లంకె, 119వ లంకె. గొలుసును సాగదీస్తే ఈ రెండూ చెరో కొసన ఉంటాయి. మడతపడ్డప్పుడు ఎదురెదురుగా వస్తాయి. మడత పోతే పని పోతుంది. అందువల్ల పని చేస్తోందా లేదా అని చూస్తే చాలు, మడత ఉందో లేదో తెలిసిపోతుంది.

ఈ ప్రోటీన్‌లో గంధకం ఉన్న లంకెలు ఎనిమిది. అవి రెండేసి చొప్పున కలిసి నాలుగు గంధకపు ముడులు వేసుకుంటాయి. ఆన్ఫిన్సెన్ బృందం ఒక రసాయనంతో ఆ ముడులు విప్పింది. యూరియాను గాఢంగా కలిపి మిగతా మడతలన్నీ సడలించింది. గొలుసు తాడులా వదులైపోయింది, పని ఆగిపోయింది. ఆ తర్వాత రెండు రసాయనాలనూ మెల్లగా తీసేసి, ద్రావణాన్ని గాలి తగిలేలా ఉంచారు. రైబోన్యూక్లియేజ్ తనంతట తాను ముడుచుకుంది. నాలుగు ముడులూ వెనకటి జతల్లోనే పడ్డాయి. పని తిరిగి వచ్చింది.

ఎనిమిది లంకెలు జతలు కట్టడానికి 105 పద్ధతులున్నాయి. వాటిలో సరైనది ఒక్కటే. అది గుడ్డిగా దొరికిందేమోనన్న అనుమానాన్ని కూడా వాళ్ళు తీర్చుకున్నారు. యూరియా ఉండగానే గంధకపు ముడులు పడనిస్తే గొలుసు అస్తవ్యస్తంగా ముడిపడింది, పని వందో వంతుకు పడిపోయింది. ఆ చిక్కుముడి ప్రోటీన్ నుంచి యూరియా తీసేసి, ముడులను విప్పే రసాయనాన్ని చిటికెడు కలిపితే, కొన్ని గంటల్లో తప్పు ముడులన్నీ ఊడి సరైన ముడులు పడ్డాయి. గొలుసుకు దారి చూపిన బయటి శక్తి ఏదీ అక్కడ లేదు. ఉన్నవల్లా నీరు, ముడులు విప్పే ఆ చిటికెడు రసాయనం, గొలుసులోని లంకెల వరుస.

1969లో మరో గట్టి సాక్ష్యం వచ్చింది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెరిఫీల్డ్, బెర్న్డ్ గుట్టె ఇదే ప్రోటీన్‌ను ప్రయోగశాలలో లంకె తర్వాత లంకె కూర్చి తయారుచేశారు. ఏ జీవకణంలోనూ అడుగుపెట్టని ఆ గొలుసు కూడా ముడుచుకుని ఆర్ఎన్ఏను కత్తిరించింది. ఆకారం మొత్తం వరుసలోనే ఇమిడి ఉందన్న సూత్రం అలా స్థిరపడింది. ఆన్ఫిన్సెన్‌కు 1972లో నోబెల్ బహుమతి లభించింది.

నీరు తోస్తుంది, వెన్ను మెలిపడుతుంది

వరుస చెబుతుంది సరే, ముడిచే బలం ఏది? ఆ బలంలో పెద్ద వాటా నీటిదే. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటూ, వదులుతూ క్షణక్షణమూ జతలు మార్చుకుంటూ ఉంటాయి. జిడ్డు పక్కకొమ్మ ఒకటి మధ్యలో చేరితే, దాని చుట్టూ ఉన్న నీటి అణువులకు ఆ స్వేచ్ఛ తగ్గుతుంది. జిడ్డు కొమ్మలన్నీ ఒకచోట చేరి లోపల దాక్కుంటే, చుట్టూ ఇరుక్కున్న నీటికి విడుదల. కాబట్టి అవి లోపలికి పోతాయి, నీరు గిట్టే కొమ్మలు బయట నిలుస్తాయి. ఈ బలానికి ఎంత ప్రాధాన్యం ఉందో 1959లో వాల్టర్ కౌజ్‌మన్ వివరించాడు. ఇంచుమించు అదే కాలంలో కేంబ్రిడ్జ్‌లో జాన్ కెండ్రూ కండరాల్లోని మయోగ్లోబిన్ ఆకారాన్ని ఎక్స్-కిరణాలతో చూశాడు. 153 లంకెల ఆ గొలుసులో జిడ్డు కొమ్మలు దాదాపుగా లోపలే ఉన్నాయి. ఆయనకూ, హీమోగ్లోబిన్ ఆకారాన్ని కనుక్కున్న మాక్స్ పెరూట్జ్‌కూ 1962లో నోబెల్ ఇచ్చారు.

అయితే ఇక్కడొక చిక్కుంది. పక్కకొమ్మలు లోపలికి పోతే వాటిని మోసే వెన్ను కూడా లోపలికి పోక తప్పదు. వెన్నుకు నీరంటే ఇష్టం. నీటితో అది పెట్టుకునే హైడ్రోజన్ బంధాలు లోపల దొరకవు. అందుకని వెన్ను తనతో తానే ఆ బంధాలు పెట్టుకుంటుంది. దీనికి రెండు చక్కని పద్ధతులున్నాయి. ఒకటి మెలిక తిరగడం, రెండోది గొలుసు ముక్కలు పక్కపక్కన వరుసగా పరుచుకోవడం. శాస్త్రవేత్తలు వీటిని ఆల్ఫా హెలిక్స్, బీటా షీట్ అంటారు. మెలికను మొదట సరిగ్గా ఊహించినవాడు లైనస్ పాలింగ్. 1948లో ఆక్స్‌ఫర్డ్‌లో జలుబుతో మంచంలో ఉన్నప్పుడు, కాగితం మీద గొలుసు గీసి, దాన్ని మడిచి చూస్తూ ఆయన ఈ మెలికను పట్టుకున్నాడు. 1951లో సహచరులతో కలిసి ప్రకటించాడు. ఒక్కో చుట్టులో 3.6 లంకెలు ఉంటాయన్న ఆయన లెక్క ఇప్పటికీ చెల్లుతుంది.

మద్రాసులో గీసిన పటం

గొలుసు ఎటు పడితే అటు వంగగలదా? దీనికి జవాబు మన పక్కనే, మద్రాసు విశ్వవిద్యాలయంలో దొరికింది.

1952లో మద్రాసు వచ్చిన బ్రిటిష్ శాస్త్రవేత్త జె. డి. బెర్నాల్, కొల్లాజెన్ ఆకారం ఇంకా తేలలేదని జి. ఎన్. రామచంద్రన్‌తో అన్నాడు. అప్పటికి రామచంద్రన్ వయసు ముప్పై. మద్రాసులోని కేంద్ర చర్మ పరిశోధనా సంస్థ నుంచి కంగారూ తోక స్నాయువులోని కొల్లాజెన్ తెచ్చుకుని, గోపీనాథ్ కర్తాతో కలిసి ఆయన పని మొదలుపెట్టాడు. మూడు గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయన్న నమూనాను 1954లో ప్రకటించి, మరుసటి ఏడు మెరుగుపరిచాడు. ఆ నమూనాలో కొన్ని పరమాణువులు ఉండకూడనంత దగ్గరగా ఉన్నాయని ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ ఆక్షేపించారు.

రామచంద్రన్ ఆ విమర్శనే పరిశోధనగా మార్చుకున్నాడు. పరమాణువులు నిజంగా ఎంత దగ్గరకు రాగలవు? అప్పటికి తెలిసిన స్ఫటికాలన్నిటిలో దూరాలు పరిశీలించి హద్దులు నిర్ణయించాడు. వెన్నులో ప్రతి లంకె దగ్గరా తిరగగల బంధాలు రెండే. ఆ రెండు బంధాలూ ఏయే కోణాల్లో తిరిగితే పరమాణువులు ఢీకొనవో సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్‌లతో కలిసి లెక్కగట్టి, ఒక చదరపు పటంగా గీశాడు. 1963లో అది అచ్చయింది. పటంలో ముప్పావు వంతు దాకా నిషిద్ధ ప్రాంతమే. ఆల్ఫా హెలిక్స్, బీటా షీట్ పడేది మిగిలిన చిన్న ప్రాంతాల్లో. వరుసతో నిమిత్తం లేకుండా, కేవలం పరమాణువుల పరిమాణమే గొలుసు స్వేచ్ఛకు ఇంత గట్టి హద్దు గీస్తుందని ఈ పటం చూపించింది.

రామచంద్రన్ పటం పేరుతో ప్రపంచమంతా దాన్ని ఇవాళ్టికీ వాడుతోంది. ఏ దేశంలో ఏ ప్రోటీన్ ఆకారం కొత్తగా బయటపడినా, అందులో తప్పులున్నాయేమో చూడటానికి ముందుగా ఈ పటం మీద పెట్టి చూస్తారు. ఖరీదైన పరికరాలు లేని కాలంలో, దక్షిణాది విశ్వవిద్యాలయంలో, సరైన ప్రశ్న వేసుకోవడం వల్ల పుట్టిన పని ఇది. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి ఇంకా తగినంత చోటు దక్కలేదు.

వెతకకుండానే దొరికే దారి

హద్దులున్నా ఇంకా బోలెడన్ని అవకాశాలు మిగులుతాయి. 1969లో సైరస్ లెవింథాల్ ఒక లెక్క వేసి అందరినీ ఆలోచనలో పడేశాడు. ఆ లెక్కను మనం వీలైనంత తగ్గించి వేసుకుందాం. 100 లంకెల గొలుసు, ఒక్కో లంకెకు మూడే భంగిమలు అనుకుంటే, మొత్తం ఆకారాలు 5 పక్కన 47 సున్నాలు పెట్టినన్ని. సెకనుకు పది లక్షల కోట్ల ఆకారాలు మార్చి చూసినా అన్నీ చూడటానికి పట్టే ఏళ్ళను రాయాలంటే 1 పక్కన 27 సున్నాలు పెట్టాలి. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్ళు మాత్రమే. అయినా నిజమైన ప్రోటీన్లు క్షణాల్లో, నిమిషాల్లో ముడుచుకుంటున్నాయి. కొన్ని చిన్నవాటికి సెకనులో లక్షో వంతు కూడా పట్టదు. లెవింథాల్ చెప్పదలచుకున్నది సూటిగా ఉంది: గొలుసు అన్ని ఆకారాలనూ వెతకడం లేదు, దానికి దారి ఉంది.

ఆ దారి ఎలాంటిదో చెప్పడానికి మన ఊరి చెరువును మించినది లేదు. చెరువుకు ఎగువన మిట్టలు, పొలాలు, రాళ్ళ దిబ్బలు ఉంటాయి. వాన కురిస్తే ఒక్కో చినుకు ఒక్కో చోట పడుతుంది. చెరువు ఎటుందో ఏ చినుక్కీ తెలియదు. ఎగువన ఉన్న దారులన్నీ అది తిరిగి చూడదు. పడ్డచోట వాలు ఎటుంటే అటు జారుతుంది. పాయలు కాలువలో, కాలువలు వాగులో, వాగు చెరువులో కలుస్తాయి. నీరు పల్లమెరుగు అన్నమాట ఇక్కడ అక్షరాలా నిజం. రెండు చినుకులు వచ్చిన దారులు వేరు, చేరిన చోటు ఒకటే. ప్రోటీన్ గొలుసుకు పల్లం అంటే తక్కువ శక్తి ఉన్న ఆకారం. మొదట ఎలా చెదిరి ఉన్నా, ప్రతి చిన్న కదలికలో కొంచెం కుదురైన వైపుకు జారుతూ పోతే చివరికి అసలు ఆకారం చేరుతుంది.

ఎగువన అక్కడక్కడా గుంటలు కూడా ఉంటాయి. కొన్ని చినుకులు వాటిలో చిక్కుకుంటాయి. అలాగే కొన్ని గొలుసులు సగం మడతల్లో చిక్కుకుంటాయి. ఒంటి వేడి కలిగించే కుదుపు వాటిని చాలాసార్లు గుంట దాటిస్తుంది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. లంకెలను ఇష్టం వచ్చినట్టు కలిపితే వచ్చే గొలుసుల్లో చాలా వాటికి మంచి వాలు ఉండదు, నేలంతా గుంటలే. కోట్ల ఏళ్ళ పరిణామంలో, మంచి వాలున్న వరుసలే నిలిచాయి. పీటర్ వోలినెస్, హోసే ఒనుచిక్, కెన్ డిల్ వంటివారు 1980లు, 1990ల్లో ఈ ఆలోచనను లెక్కలతో సహా నిలబెట్టారు.

మొదట్లో వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. వేడికి ఓవాల్బ్యుమిన్ మడతలు విడి, లోపల దాగిన జిడ్డు కొమ్మలు బయటపడతాయి. చుట్టూ అదే స్థితిలో ఉన్న గొలుసులు కిక్కిరిసి ఉన్నాయి. ఒకదాని జిడ్డు కొమ్మలు పక్కదాని జిడ్డు కొమ్మలకు అతుక్కుని, తెల్లటి వలగా పేరుకుపోతాయి. చల్లారాక ప్రతి గొలుసూ తన ఆకారానికి పోవాలంటే ముందు ఈ వల విడాలి. వల విడిపించేది ఏదీ అక్కడ లేదు. 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అర్వైన్‌కు చెందిన గ్రెగరీ వైస్, ఆస్ట్రేలియాలోని కాలిన్ రాస్టన్ బృందాలు ఉడికిన తెల్లసొనను యూరియాతో కరిగించి, వేగంగా తిరిగే గొట్టంలో సన్నని పొరగా తిప్పి, అందులోని లైసోజైమ్ అనే ప్రోటీన్‌ను మళ్ళీ పనిచేసే ఆకారానికి తెచ్చాయి. ఆన్ఫిన్సెన్ సూత్రం ఉడికిన గుడ్డులో కూడా నిలిచింది.

కణంలో తోడు ప్రోటీన్లు

పరీక్షనాళికలో గొలుసులు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. కణంలో అలా కాదు. ఒక మిల్లీలీటరుకు దాదాపు 300 మిల్లీగ్రాముల పెద్ద అణువులు కుక్కి ఉంటాయి. రైబోజోమ్ నుంచి సగం బయటికొచ్చిన గొలుసు, జిడ్డు కొమ్మలు బయటపెట్టుకుని ఆ గుంపులోకి వస్తుంది. గుడ్డుకు పట్టిన గతే దానికీ పట్టాలి. పట్టకుండా కాపాడేవి తోడు ప్రోటీన్లు. శాస్త్రవేత్తలు వీటిని చాపరోన్లు అంటారు.

వీటి ఆచూకీ అనుకోకుండా దొరికింది. ఇటలీలో ఫెరుచియో రిటోసా ఈగల మీద పనిచేస్తుండగా, సహోద్యోగి ఒకరు ఈగలున్న పెట్టె ఉష్ణోగ్రతను పెంచారు. ఆ వేడికి కొన్ని జన్యువులు ఉన్నట్టుండి చురుకైనట్టు రిటోసా గమనించి 1962లో ప్రకటించాడు. ఆ జన్యువులు తయారుచేసేవి తోడు ప్రోటీన్లేనని తర్వాతి దశాబ్దాల్లో తేలింది. వేడికి మడతలు విడుతుంటే కణం కాపలాదారులను పెంచుకుంటోందన్నమాట. 1989లో ఆర్థర్ హార్విచ్, ఫ్రాంజ్ ఉల్రిష్ హార్టల్, ఈస్ట్ కణాల్లో తోడు ప్రోటీన్ ఒకటి చెడిపోతే ఇతర ప్రోటీన్లు ముడుచుకోలేవని చూపించారు.

బ్యాక్టీరియాలోని గ్రోఈఎల్ దీనికి మంచి ఉదాహరణ. ఏడేసి భాగాలున్న రెండు వలయాలు, మధ్యలో ఖాళీ, పైన గ్రోఈఎస్ అనే మూత. దిక్కుతోచని గొలుసును లోపలికి తీసుకుని, మూత వేసి, కొన్ని సెకన్ల పాటు ఏకాంతం కల్పిస్తుంది. ఏ ఆకారం దాల్చాలో చెప్పదు. పక్కవాటికి అతుక్కోకుండా చూస్తుంది, అంతే. సూత్రం ఆన్ఫిన్సెన్ చెప్పినదే. ఆ సూత్రం అమలు కావడానికి కావలసిన పరిస్థితిని తోడు ప్రోటీన్లు కల్పిస్తాయి.

మన కంటి కటకంలో ఈ కాపలా ఎంత కాలం సాగుతుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కటకం నడుమనున్న కణాల్లో కేంద్రకం ఉండదు, కొత్త ప్రోటీన్ తయారు కాదు. మనం పుట్టకముందు తయారైన ప్రోటీన్లే జీవితాంతం అక్కడుండాలి, ఆకారం చెడకుండా ఉండాలి. ఆ పని చూసుకునేది ఆల్ఫా క్రిస్టలిన్ అనే తోడు ప్రోటీన్. ఉష్ణోగ్రత పెరిగినప్పుడు దాని నిర్మాణం కాస్త మారి, కాపాడే శక్తి పెరుగుతుందని 1990ల్లో హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనా సంస్థలో చింతలగిరి మోహన్‌రావు బృందం చూపించింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఎండ, మధుమేహం, పొగతాగడం వంటివి కటకంలోని ప్రోటీన్లను దెబ్బతీస్తాయి. కాపలా చాలనప్పుడు అవి ఒకదానికొకటి అతుక్కుని కాంతిని చెదరగొడతాయి. మన పెద్దల కళ్ళలో కనిపించే శుక్లం అదే. ఇప్పటికి దానికి శస్త్రచికిత్స ఒక్కటే మార్గం, అది భద్రమైనది కూడా. చూపు మసకబారిన పెద్దలను వయసు మీద నెట్టేసి వదిలేయకూడదు.

పెడమడత తెచ్చే జబ్బులు

ఒక్క లంకె మారితే ఎంత కీడు జరుగుతుందో కొడవలి కణ రక్తహీనత, అంటే సికిల్ సెల్ జబ్బు చెబుతుంది. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో 146 లంకెలున్నాయి. ఆరోది నీరు గిట్టే గ్లుటామిక్ ఆమ్లం. అది పోయి, జిడ్డు స్వభావమున్న వాలిన్ వస్తే ఈ జబ్బు. 1950ల్లో వెర్నన్ ఇన్‌గ్రామ్ దీన్ని కనుక్కున్నాడు. హీమోగ్లోబిన్ మడత ఇక్కడ సరిగానే ఉంటుంది. లోపల ఉండవలసిన జిడ్డు మాత్రం బయట కూర్చుంటుంది. ప్రాణవాయువును వదిలేసిన హీమోగ్లోబిన్‌లు ఆ జిడ్డు దగ్గర ఒకదానికొకటి అతుక్కుని పొడవైన పోగులవుతాయి. ఎర్రకణం కొడవలి ఆకారానికి వంగుతుంది, సన్నని నాళాల్లో ఇరుక్కుని తీవ్రమైన నొప్పి తెస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాలకు ఇది తెలిసిన బాధే. కేంద్ర ప్రభుత్వం 2023లో దీని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ మారిన జన్యువు వస్తే బిడ్డకు జబ్బు వస్తుంది. అందుకే పెళ్ళికి ముందు రక్తపరీక్ష చేయించుకోవడం ఆ ప్రాంతాల్లో అత్యవసరం.

ఒక్క లంకె కూడా మారకుండా మడత మాత్రమే తప్పినా జబ్బు రావచ్చు. స్టాన్లీ ప్రూసినర్ 1982లో ఇలాంటి ప్రోటీన్‌ను ప్రియాన్ అన్నాడు. మెదడులో మామూలుగా ఉండే ప్రోటీన్ ఒకటి పెడమడత పడితే, తన పక్కనున్న మంచి ప్రోటీన్లను కూడా అదే మడతకు తిప్పుతుంది. జన్యువు లేకుండా, క్రిమి లేకుండా, ఆకారమే అంటువ్యాధి అవుతుందంటే మొదట చాలామంది నమ్మలేదు. 1986లో బ్రిటన్‌లో బయటపడిన పిచ్చి ఆవు జబ్బు, చనిపోయిన పశువుల మాంసం, ఎముకల పిండిని పశువులకు మేపడం వల్ల వ్యాపించి, 1996 నాటికి మనుషులకు కూడా సోకినట్టు తేలింది. ప్రూసినర్‌కు 1997లో నోబెల్ వచ్చింది. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే బీటా అమిలాయిడ్, పార్కిన్సన్స్‌లో పేరుకునే ఆల్ఫా సిన్యూక్లిన్ కూడా పెడమడత పడి పోగులు కట్టే ప్రోటీన్లే. జబ్బుకు మూలం ఈ పోగులేనా, ఇంకేమైనా ఉందా అన్న చర్చ ఇంకా సాగుతోంది.

ఆశ కలిగించే ఉదాహరణలు కూడా ఉన్నాయి. సిస్టిక్ ఫైబ్రోసిస్ జబ్బున్నవాళ్ళలో ఎక్కువమందికి, 1,480 లంకెలున్న ఒక ప్రోటీన్‌లో 508వ లంకె ఉండదు. ఆ లోపం వల్ల మడత కుదరక, కణమే దాన్ని పారేస్తుంది. ఆ మడతను కుదిర్చే మందు 2019లో అమెరికాలో వాడుకలోకి వచ్చి ఎందరి ఆయుష్షునో పెంచింది.

మన ఇళ్ళకు దగ్గరి సంగతి ఇన్సులిన్‌ది. ఎక్కువ వేడికీ, గట్టి కుదుపుకూ దాని మడత చెడి పోగులు కడుతుంది. గడ్డకడితే అసలు పనికిరాదు. అందుకే వాడని సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచమంటారు. ఎండాకాలంలో కారులో, కిటికీ పక్కన వదిలేసిన ఇన్సులిన్ మందుగా మిగలదు. ఫ్రీజర్‌లో పెట్టిందీ అంతే.

యంత్రం చెప్పిన ఆకారాలు, మిగిలిన ప్రశ్న

వరుస చూసి ఆకారం చెప్పగలమా అన్న పోటీని 1994 నుంచి రెండేళ్ళకోసారి నిర్వహిస్తున్నారు. పాతికేళ్ళు ప్రగతి నత్తనడకన సాగింది. 2020లో లండన్‌కు చెందిన డీప్‌మైండ్ సంస్థ తయారుచేసిన ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ చాలా ప్రోటీన్ల ఆకారాలను ప్రయోగాలతో పోటీపడే కచ్చితత్వంతో చెప్పింది. అది ఇలా నేర్చుకోగలిగింది అంటే, ప్రపంచవ్యాప్తంగా శాస్త్రవేత్తలు యాభై ఏళ్ళు కష్టపడి కనుక్కున్న లక్షన్నరకు పైగా ఆకారాలు ప్రోటీన్ డేటా బ్యాంకులో అందరికీ అందుబాటులో ఉన్నందువల్లే. 1971లో ఆ బ్యాంకు ఏడు ఆకారాలతో మొదలైంది. 2022 నాటికి ఆల్ఫాఫోల్డ్ 20 కోట్లకు పైగా ప్రోటీన్ల ఆకారాలను ఉచితంగా బయటపెట్టింది. 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం డీప్‌మైండ్‌కు చెందిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, మిగతా సగం ప్రకృతిలో లేని కొత్త ప్రోటీన్లను రూపొందించిన డేవిడ్ బేకర్‌కు దక్కింది.

ఇంతటితో ప్రశ్న తీరిపోలేదు. యంత్రం చివరి ఆకారం చెబుతుంది. అక్కడికి గొలుసు ఏ దారిన చేరిందో, ఏ మలుపులో పెడమడత పడుతుందో చెప్పదు. అల్జీమర్స్, పార్కిన్సన్స్ వంటి జబ్బుల కీలకం ఆ మలుపుల్లోనే ఉండవచ్చు. స్థిరమైన ఆకారమే లేకుండా పనిచేసే ప్రోటీన్లు మన ఒంట్లో ఎన్నో ఉన్నాయి, వాటి సంగతి ఇంకా తేలవలసి ఉంది. అంటే రేపటి తరానికి చేతినిండా పని మిగిలే ఉంది.

ఇది చదివే విద్యార్థికి ఒక మాట. ప్రోటీన్ డేటా బ్యాంకునూ, ఆల్ఫాఫోల్డ్ కోశాన్నీ ఫోన్‌లో కూడా తెరవవచ్చు, రుసుము లేదు. పుస్తకంలోని బొమ్మతో ఆగిపోకండి. హీమోగ్లోబిన్‌ను తెరిచి, వేలితో తిప్పి, బీటా గొలుసులో ఆరో లంకె ఎక్కడ కూర్చుందో మీరే చూడండి. అది ఉపరితలం మీద ఉందని కంటితో చూశాక, కొడవలి కణ రక్తహీనత ఎలా వస్తుందో మీకు ఎవరూ మళ్ళీ చెప్పనక్కర్లేదు.